తొమ్మిది మహిమా, పది చలవా?

ఉగాది నాడు మా వీధి గుళ్లో పంచాంగ శ్రవణం అయ్యాక ఒక పెద్దాయన మైకు అందుకున్నారు. "కలియుగం ఎన్నేళ్లు? 4,32,000. అంకెలు కలపండి!" అన్నారు. తొమ్మిది. ద్వాపరం 8,64,000: పద్దెనిమిది, మళ్లీ కలిపితే తొమ్మిది. త్రేతాయుగం 12,96,000, కృతయుగం 17,28,000, నాలుగూ కలిసిన మహాయుగం 43,20,000. అన్నిటికీ తొమ్మిదే. నా పక్కనున్న కుర్రాడు సెల్‌ఫోన్లో లెక్క సరిచూసుకుని చేతులు జోడించాడు.

లెక్క తప్పు కాదు. దానికి అంటగట్టిన మహిమే తప్పు. పది రూపాయల్లోంచి తొమ్మిది తీస్తే ఒకటి మిగులుతుంది. వందలోంచి తొంభైతొమ్మిది తీసినా ఒకటే. కనుక 432 రూపాయల్లో నాలుగు వందల నుంచి 4, మూడు పదుల నుంచి 3, చిల్లర 2 మిగులుతాయి. తీసినవన్నీ తొమ్మిదులే కాబట్టి, మిగిలిన 4, 3, 2 కలిసి తొమ్మిదైతే మొత్తం సొమ్మూ తొమ్మిదితో నిశ్శేషంగా భాగం పోతుంది. అంతే సంగతి. ఇక ద్వాపరం కలికి రెట్టింపు, త్రేత మూడింతలు, కృతం నాలుగింతలు, మహాయుగం పదింతలు. మొదటిది భాగం పోయాక మిగతావి పోక ఏం చేస్తాయి? ఐదు అద్భుతాలని చూపించింది ఒక్క ఎక్కం.

పైగా తొమ్మిదికి ఈ పెత్తనం మనం పదుల్లో లెక్కపెట్టడం వల్ల వచ్చింది. అరవైల్లో రాసుకున్న బాబిలోనియా వాళ్లకు 4,32,000 అంటే రెండు, దాని పక్కన మూడు ఖాళీ స్థానాలు. వాళ్ల అంకెలు కలిపితే రెండే. ఇది తెలియకే ఆర్టీఏ వేలంలో 9999 కోసం లక్షలు పాడుతున్నారు.

ఆర్యభటుడు 499 నాటి తన గణితంలో నాలుగు యుగాలూ సమానమన్నాడు. ఒక్కొక్కటి 10,80,000 ఏళ్లు. అది స్మృతులకు విరుద్ధమని 628లో బ్రహ్మగుప్తుడు తప్పుపట్టాడు. ఆ 10,80,000 అంకెలు కలపండి: తొమ్మిదే! ఒకదానికొకటి పొసగని రెండు వాదాలకూ ఒకే సాక్షి వంత పాడితే ఆ సాక్ష్యం ఎవరికి పనికొస్తుంది?

అదే ఆర్యభటుడు మహాయుగంలో చంద్రుడు 5,77,53,336 చుట్లు తిరుగుతాడని, రోజులు 157,79,17,500 అని లెక్క కట్టాడు. భాగించి చూస్తే, నక్షత్రాల మధ్య ఒక చుట్టుకు 27.32167 రోజులు. నేటి కొలతతో తేడా సెకను కూడా లేదు. రాత్రుళ్లు మేలుకుని ఆకాశం చూసినవాళ్ల శ్రమంతా ఆ సంఖ్యలో ఉంది. ఆ చంద్రుడి చుట్ల సంఖ్య అంకెలు కలిపితే ముప్ఫైతొమ్మిది, ఆపై పన్నెండు, చివరికి మూడు. తొమ్మిది రాలేదు గనుక ఆ మైకులో దాని ఊసే రాలేదు.