మన పిల్లలకూ ఒక సీజన్ కావాలి

తెల్లవారకముందే చాంపియన్ రైల్వే స్టేషన్‌లో జనం. చేతిలో టిఫిను బాక్సు, భుజాన సంచి, జేబులో సీజన్ టికెట్. మారికుప్పంలో బయలుదేరిన రైలు ఇక్కడ ఆగి, బంగారుపేట మీదుగా బెంగళూరుకు పోతుంది. రాత్రికి మళ్లీ రైలే వాళ్లను ఇంటికి చేరుస్తుంది. 2001లో గనులు మూతపడ్డాక ఈ ఊరి బతుకు ఆ పట్టాల మీదే నడుస్తోంది. అందుకే చాంపియన్ రీఫ్స్‌లో ‘సీజన్’ అంటే అందరికీ గుర్తొచ్చేది రైలు పాసే. ఫుట్‌బాల్ సీజన్ కాదు.

అలాగని ఇక్కడ బంతికి కరువు లేదు. సాయంత్రమైతే చాలు, సైనైడ్ గుట్టల నీడలో పిల్లలు దిగుతారు. కొందరికి బూట్లుంటాయి, కొందరికి ఉండవు. గోలు స్తంభాలు లేకపోతే రెండు రాళ్లు. సినిమా చూసి కేజీఎఫ్‌కు వచ్చేవాళ్లు గుట్టల ముందు ఫొటోలు దిగి పోతున్నారు. గుట్ట కింద ఆడే పిల్లలను ఎవరూ చూడరు. పదహారేళ్లకు మైదానంలో అందరికంటే వేగంగా పరుగెత్తినవాడు, పద్దెనిమిదేళ్లకు రైలు అందుకోవడానికి పరుగెత్తుతున్నాడు. ఈ రెండేళ్ల మధ్య ఏం జరుగుతోంది? తప్పు పిల్లోడిదా, ఊరిదా? ఆలోచించాల్సిన ప్రశ్న ఇదే.

ఈ ప్రశ్నకు జవాబు వెతికితే, దేశంలో ఒక జట్టు కథ గుర్తుకొస్తుంది. అది గెలిచిన జట్టు కాదు. లీగ్‌లో అట్టడుగున నిలిచిన జట్టు.

పద్దెనిమిది మ్యాచ్‌ల బడి

2017 అక్టోబరులో మన దేశం అండర్-17 ప్రపంచకప్‌కు ఆతిథ్యమిచ్చింది. అమెరికా, కొలంబియా, ఘనా చేతుల్లో మూడు మ్యాచ్‌లూ ఓడిన మన కుర్రాళ్లు కొట్టింది ఒకే ఒక్క గోలు. అక్టోబరు 9న ఢిల్లీలో కొలంబియాపై సంజీవ్ స్టాలిన్ కార్నర్ కొట్టగా, జీక్సన్ సింగ్ తలతో నెట్‌లోకి పంపాడు. ఫిఫా ప్రపంచకప్ పోటీల్లో భారత్‌కు అదే తొలి గోలు. ఆ కార్నర్ కొట్టిన స్టాలిన్ ఎక్కడివాడో కాదు, మన రైలు చేరే బెంగళూరులో పుట్టినవాడే.

ప్రపంచకప్ అయిపోయింది. మరి ఆ పిల్లలేం కావాలి? పెద్ద క్లబ్బులకు వెళ్తే బెంచీ మీద కూర్చోవాలి. అందుకని అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య వాళ్లందరినీ ఒకే జట్టుగా కట్టి ‘ఇండియన్ యారోస్’ పేరుతో ఐ-లీగ్‌లోకి దించింది. పోర్చుగల్‌కు చెందిన లూయిస్ నార్టన్ డి మాటోస్ కోచ్. ఎదుట మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ వంటి మహామహులు, విదేశీ ఆటగాళ్లున్న జట్లు. ఇటువైపు పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్లలు. ఒక్క విదేశీయుడూ లేడు.

నవంబరు 29న గోవాలో తొలి మ్యాచ్‌లో చెన్నై సిటీపై 3-0తో గెలిచారు. డిసెంబరు 26న ఢిల్లీలో షిల్లాంగ్ లాజాంగ్‌పై మళ్లీ 3-0. ఆ మ్యాచ్‌లో నోంగ్‌దంబా నవోరెం ప్రత్యర్థులను వరసగా తప్పించుకుంటూ వెళ్లి కొట్టిన గోలు గురించి దేశమంతా చెప్పుకుంది. కానీ సీజన్ ముగిసేసరికి లెక్క వేరు. 18 మ్యాచ్‌లు, 4 విజయాలు, 3 డ్రాలు, 11 ఓటములు. 15 పాయింట్లతో పది జట్లలో పదో స్థానం.

ఆఖరి స్థానం అంటే అవమానమేగా అనిపించవచ్చు. కానీ ఆ పిల్లలకు దక్కింది చూడండి. కప్పు కొట్టిన మినర్వా పంజాబ్ ఎన్ని మ్యాచ్‌లు ఆడిందో, ఆఖరున నిలిచిన యారోస్ కూడా అన్నే ఆడింది. ఓడిన వారంలోనే మళ్లీ మ్యాచ్. చేసిన తప్పు దిద్దుకోవడానికి మళ్లీ అవకాశం. తనకంటే పదేళ్లు పెద్దవాడిని భుజంతో ఢీకొట్టడం, దెబ్బ తగిలితే కోలుకోవడం, బెంచీ మీద ఓపిగ్గా కూర్చోవడం, దూరప్రయాణం చేసి మర్నాడే ఆడటం. ఇవన్నీ ఏ శిబిరంలోనూ నేర్పరు. సీజన్ నేర్పుతుంది.

ఫలితం తర్వాత కనిపించింది. జీక్సన్ సింగ్ సీనియర్ జాతీయ జట్టుకు ఎదిగాడు. సురేశ్ సింగ్ వాంగ్జం 2019లో బెంగళూరు ఎఫ్‌సీలో చేరి, దేశానికీ ఆడాడు. అంతకుముందు 2010లో ఇదే పథకం తొలిసారి మొదలైనప్పుడు జట్టు పద్నాలుగింటిలో తొమ్మిదో స్థానంలో నిలిచింది. ఆ జట్టులోని జెజె లాల్‌పెఖ్లువా, గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ సింగ్ సంధు తర్వాత భారత జట్టుకు మూలస్తంభాలయ్యారు.

విమర్శలూ ఉన్నాయి

ఈ పథకంలో లోపాల్లేవని కాదు. యారోస్ ఎన్ని ఓడినా కింది డివిజన్‌కు దిగక్కర్లేదన్న నిబంధన పెట్టారు. దాంతో 2017-18లో వాళ్లకంటే పైన, తొమ్మిదో స్థానంలో ఉన్న చర్చిల్ బ్రదర్స్‌పై వేటు పడింది. పెద్ద రగడయ్యాక ఆ క్లబ్బును మళ్లీ లీగ్‌లోకి తీసుకున్నారు. ఓటమికి మూల్యం లేని ఆట ఆటేనా అన్న ప్రశ్నలో న్యాయముంది. ఖర్చు మరో మాట. పాతికమందికి పెట్టే డబ్బు వందలమందికి పెట్టొచ్చు కదా అన్నారు. పథకం 2013లో ఒకసారి ఆగింది. 2017లో మళ్లీ మొదలై 2022లో పూర్తిగా మూతపడింది. ఆ డబ్బును కుర్రాళ్ల లీగ్‌కు మళ్లించాలన్నది సమాఖ్య ఆలోచన.

విమర్శల్లో బలమున్నా అసలు పాఠం చెడదు. పిల్లోడు ఎదగాలంటే వరసగా మ్యాచ్‌లు కావాలి. యారోస్ చేసిన పొరపాటు ఆ అవకాశాన్ని ఒక్క జట్టుకే ఇవ్వడం. దాన్ని దిద్దడమంటే అవకాశాన్ని ఊరూరికీ తేవడమే. 2017 ప్రపంచకప్ జట్టులో 21 మందికి ఎనిమిది మంది చిన్న రాష్ట్రం మణిపూర్ వాళ్లే. అక్కడి నేలలో మంత్రమేమీ లేదు. వాడవాడకూ క్లబ్బుంది, క్లబ్బుకు పోటీ ఉంది.

మన దగ్గర లేనిదేంటి?

మన సరిహద్దు ఊళ్లలో ఆట అంటే టోర్నమెంటు. పండక్కో, నాయకుడి పుట్టినరోజుకో షామియానా వేస్తారు, మైకు పెడతారు, కప్పు ఇస్తారు. మంచిదే. కానీ అవన్నీ నాకౌట్ పోటీలు. పదహారు జట్లు వస్తే మొత్తం మ్యాచ్‌లు పదిహేను. ఎనిమిది జట్లు మొదటి ఆటకే ఇంటిముఖం పడతాయి. బస్సు చార్జీలు పెట్టుకుని వచ్చిన పిల్లోడు ఒక్క తప్పు చేశాడా, మళ్లీ ఆ తప్పు దిద్దుకోవడానికి ఏడాది ఆగాలి. అప్పటికి వాడు రైల్లో ఉంటాడు.

అదే పది జట్లతో లీగ్ పెట్టండి. ఒక్కో జట్టు మిగతా తొమ్మిదింటితో రెండేసి సార్లు ఆడితే, ఒక్కో జట్టుకు 18 మ్యాచ్‌లు, మొత్తం 90. సరిగ్గా యారోస్ ఆడిన లెక్కే. ఆదివారానికి అయిదు మ్యాచ్‌లు వేసుకుంటే పద్దెనిమిది ఆదివారాల్లో అయిపోతుంది. చాంపియన్ రీఫ్స్, మారికుప్పం, ఊరిగాం, రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట, బంగారుపేట, కోలారు, ముళబాగిలు. ఎనిమిదయ్యాయా? సరిహద్దు దాటి కుప్పం, వి.కోట పిల్లలనూ పిలవండి, పది. అటూ ఇటూ మాట ఒకటే, బంధుత్వాలూ ఉన్నాయి. సంబంధాలు కలుపుకోవడానికి అడ్డురాని సరిహద్దు బంతికి మాత్రం ఎందుకు అడ్డు రావాలి?

కావాల్సింది కొత్త స్టేడియం కాదు. చదును చేసిన మైదానం, సున్నం గీతలు, రెండు బంతులు, నిష్పాక్షికంగా ఈల ఊదే రెఫరీ, ఒక ప్రథమచికిత్స పెట్టె, బస్సు చార్జీలు. అన్నిటికంటే ముందు, మొదలు కాకముందే అచ్చేసి గోడకు అంటించిన మ్యాచ్‌ల పట్టిక. ఏ ఆదివారం ఎవరితో అన్నది పిల్లోడికి తెలియాలి. క్రీడాశాఖ, ఫుట్‌బాల్ సంఘం, నగరసభ కలిస్తే ఇది భారం కానే కాదు. షామియానాకు, మైకుకు అయ్యే డబ్బు ఇటు మళ్లిస్తే చాలావరకు గట్టెక్కుతుంది.

ఆట అన్నం పెడుతుందా అని తల్లులు అడుగుతారు. అడగడంలో తప్పులేదు. పొద్దున్నే టిఫిను బాక్సు కట్టేది వాళ్లే. లీగ్ ఆడిన ప్రతివాడూ సురేశ్ సింగ్ కాడు. యారోస్‌లో ఆడినవాళ్లంతా కూడా పైకి రాలేదు. కానీ పద్దెనిమిది ఆదివారాలు ఆడి ఓడినవాడికి తన బలమెంతో, బలహీనతేంటో తెలుస్తుంది. అసలు ఆడనే ఆడనివాడికి అది ఎప్పటికీ తెలియదు. నేను ఆడి ఉంటే అన్న మాటే జీవితాంతం మిగులుతుంది.

మూడు కిలోమీటర్ల పైచిలుకు లోతు నుంచి బంగారం తీసిన ఊరిది. బంగారం ఒక్క పలుగుపోటుకు దొరకలేదని ఇక్కడి పెద్దలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. షిఫ్టు తర్వాత షిఫ్టు దిగితేనే దొరికింది. ఆటగాడూ అంతే. పిల్లలకు ఒక్క సీజన్ ఇచ్చి చూడండి. రైలు పాసు ఎటూ తప్పదు, అది తర్వాత కొనుక్కోవచ్చు.