పుట్టినరోజులే పంచాంగం

తెలుగునాట పాత సినిమాల నెల అంటూ ఒకటుంటే అది ఆగస్టే. 9న మహేశ్‌బాబు పుట్టినరోజు, 22న చిరంజీవిది, నెల దాటీ దాటగానే సెప్టెంబరు 2న పవన్‌ కల్యాణ్‌ది. 2022లో ‘పోకిరి’ మళ్లీ థియేటర్లకు వచ్చినప్పటి నుంచి ఈ తేదీల చుట్టూ ఓ ఉత్సవమే అల్లుకుపోయింది. 2024లో ‘మురారి’, ‘ఇంద్ర’, ‘గబ్బర్‌ సింగ్‌’ సరిగ్గా ఆ మూడు రోజులకే దిగాయి. ఏ ఫిలిం సొసైటీ కమిటీ కూర్చుని వేసినా ఇంత కచ్చితంగా కుదరదు!

వెళ్లేవాళ్లు ముందుగా తేల్చుకోవాల్సింది ఒకటుంది. సినిమా చూడాలా, జాతర చూడాలా? జాతరే కావాలంటే హైదరాబాద్‌ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సుదర్శన్‌, దేవి, సంధ్య లాంటి సింగిల్‌ స్క్రీన్లలో మొదటి రోజు ఆట పట్టుకోవాలి. హీరో నోరు విప్పకముందే హాలంతా డైలాగు చెప్పేస్తుంది. చించి తెచ్చిన కాగితాలు తెర మీదికి లేస్తాయి. ‘మురారి’లో పెళ్లిపాట వచ్చేసరికి కుర్రాళ్లు జేబుల్లోంచి అక్షింతలు తీసి చల్లారు. సినిమా మీద ధ్యాస ఉన్నవాళ్లకు మాత్రం మర్నాటి మ్యాట్నీయే మేలు. సరదా శ్రుతి మించిన సందర్భాలూ ఉన్నాయి. 2023 మేలో ‘సింహాద్రి’ ఆడుతుండగా విజయవాడలోని ఓ థియేటర్లో అభిమానులు లోపలే టపాసులు కాల్చడంతో సీట్లు అంటుకున్నాయి. దాన్ని అభిమానం అనలేం.

ఈ గోలను చిన్నచూపు చూసే పెద్దమనుషులు గమనించని సంగతి ఒకటుంది. రీరిలీజు పాత తీర్పులను తిరగరాస్తోంది. 2010లో బోల్తా కొట్టిన ‘ఆరెంజ్‌’ 2023లో రామ్‌చరణ్‌ పుట్టినరోజుకు వస్తే, హారిస్‌ జయరాజ్‌ పాటలన్నీ జనం నోట పలికాయి. 2010లోనే నిరాశపరిచిన ‘ఖలేజా’ కూడా టీవీలో పదేపదే చూసిన తరం పుణ్యాన 2025లో హాళ్లు నింపింది. సినిమా పండితులు చేయాల్సిన పునర్విమర్శ టికెట్‌ కొన్న కుర్రాళ్లే చేసేశారు.

పేచీ అంతా ఈ పుట్టినరోజుల పంచాంగంతోనే. అందులో అభిమాన సంఘాలున్న హీరోలకే తిథులున్నాయి. బి.ఎన్‌.రెడ్డికి లేదు, కె.వి.రెడ్డికి లేదు, సావిత్రికీ లేదు. పాతవాటిని పెద్ద తెర మీద చూసే యోగం ఎప్పుడో గానీ రాదు. 2010లో ‘మాయాబజార్‌’ రంగులద్దుకుని వచ్చింది. 2024 సెప్టెంబరులో అక్కినేని శతజయంతికి ఫిలిం హెరిటేజ్‌ ఫౌండేషన్‌ చొరవతో ‘దేవదాసు’, ‘మిస్సమ్మ’, ‘ప్రేమ్‌నగర్‌’ వంటి పది సినిమాలను దేశంలోని పలు నగరాల్లో వేశారు. మంచి పనే. కానీ దాని వెనకా ఉన్నది ఓ స్టార్‌ పుట్టినరోజే కదా! పైగా పాత సినిమాకు నెగెటివో, మంచి ప్రింటో దొరకాలి, దాన్ని శుభ్రం చేసి డిజిటల్‌లోకి ఎక్కించాలి, హక్కులెవరివో తేలాలి. వీటికి డబ్బూ ఓపికా పెట్టే అభిమాన సంఘం ఏదీ?

పుట్టినరోజులే ముహూర్తాలనుకుంటే పోనీ అలాగే కానిద్దాం, జాబితాను కాస్త పెంచుదాం. ఫిబ్రవరి 19 దర్శకుడు కె.విశ్వనాథ్‌ది. ‘శంకరాభరణం’ విడుదలైన ఫిబ్రవరి 2నే 2023లో ఆయన కన్నుమూశారు కాబట్టి, ఆ నెలంతా ఆయనకే రాసిచ్చినా తప్పులేదు. డిసెంబరు 15 బాపుది. జనం పలచగా ఉండే వారపు రోజుల్లో ఒక్క ఉదయం ఆట వదిలిపెడితే థియేటర్‌ యజమానికి పెద్దగా పోయేదేమీ ఉండదు.

సెప్టెంబరు 21 సింగీతం శ్రీనివాసరావుది. ఆయన ‘ఆదిత్య 369’ ఎలాగూ 2025లో ఓసారి వచ్చి వెళ్లింది. ఈసారి ‘పుష్పక విమానం’ వేస్తే సరి. ముందుగానే డైలాగులు అరవడానికి అలవాటు పడ్డ హాలు, మాటే లేని సినిమా ముందు రెండు గంటలు ఏం చేస్తుందో చూడాలి.