క్యాన్సర్ భయం ఎవరికి లాభం?

రాచపుండు అన్నా, పెద్ద జబ్బు అన్నా, క్యాన్సర్ అన్నా మన సమాజంలో ఒకటే అర్థం: ఇక ఆశ లేదని. కానీ క్యాన్సర్లన్నీ ఒకటి కావు. క్లోమ గ్రంథికి వచ్చే క్యాన్సర్ చాలామందిని ఏడాది తిరగకముందే బలితీసుకుంటుంది. థైరాయిడ్ క్యాన్సర్లలో ఎక్కువ భాగం నయమవుతాయి. ఈ తేడా తెలియనివ్వకపోవడం వల్ల స్త్రీలు రెండు విధాలుగా నష్టపోతున్నారని నా అభిప్రాయం.

మొదటిది, బతకగలిగిన వాళ్ళు చనిపోవడం. 2022లో మన దేశంలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ సుమారు లక్షా 27 వేల మందికి వచ్చిందనీ, దాదాపు 80 వేల మంది దానితో మరణించారనీ అంతర్జాతీయ అంచనా. నిజానికి పాపిలోమా వైరస్ సోకాక అది క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్ళకు పైగా పడుతుంది. అన్నేళ్ళ వ్యవధి ఇచ్చే జబ్బు ఇది. ముంబై బస్తీల్లో 1998లో మొదలైన టాటా మెమోరియల్ అధ్యయనంలో, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు పలుచని ఎసిటిక్ ఆమ్లంతో చేసిన పరీక్ష వల్ల ఈ మరణాలు 31 శాతం తగ్గాయి. పోలిక కోసం వేలాది స్త్రీలను పరీక్ష లేకుండా ఉంచారన్న విమర్శ న్యాయమైనదే. ఆ విమర్శకు అర్థం కూడా ఈ పరీక్ష అందరికీ అందాలనే కదా! అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30-49 ఏళ్ళ స్త్రీలలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవారు 2 శాతం కూడా లేరు.

రొమ్ము క్యాన్సర్ సంగతి చూడండి. 2010-14 మధ్య ఈ జబ్బు బయటపడిన వారిలో అయిదేళ్ళు బతికినవారు అమెరికాలో 90 శాతం, మన దేశంలో 66 శాతం. జబ్బు అదే. నొప్పిలేని గడ్డ కోసం కూలి పోగొట్టుకుని ఆసుపత్రికి ఎవరు పోతారు? పోయినా, సగంలో డబ్బు అయిపోతే వైద్యం ఎవరు కొనసాగిస్తారు? ఎంతమంది చనిపోతారన్నది జబ్బు ఒక్కటే నిర్ణయించదు.

రెండో నష్టం, అవసరం లేని కోత. తెల్లబట్ట అవుతోందనో, నడుము నొప్పనో వెళితే, "క్యాన్సర్ అవుతుంది, గర్భసంచి తీసేద్దాం" అన్నారని ఎందరో స్త్రీలు నాతో చెప్పారు. 2015-16 సర్వేలో 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. ఈ ఆపరేషన్లన్నీ అనవసరం అనను. కానీ పరీక్ష చేయకుండానే భయపెట్టే చోట స్త్రీ ఇచ్చే అంగీకారం అంగీకారం ఎలా అవుతుంది? ఇతర రాష్ట్రాల్లో జరిగిన అనవసర ఆపరేషన్ల కేసులో 2023లో సుప్రీంకోర్టు, వీటిని అరికట్టే మార్గదర్శకాలు అమలు చేయమని రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది.

కాబట్టి మన పోస్టర్ల మీద 'ప్రాణాంతక వ్యాధి' అన్న మాట తీసేద్దాం. ఏ క్యాన్సర్ ఎలా మొదలవుతుందో, ఏ పరీక్ష ఎక్కడ ఉచితంగా చేయాలో రాద్దాం. 30 ఏళ్ళు దాటిన స్త్రీలకు అయిదేళ్ళకొకసారి ముఖద్వార పరీక్ష చేయాలని కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు 2016లోనే చెప్పాయి. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఎందరికి చేశారని అడుగుదాం. గర్భసంచి తీస్తామనే డాక్టరును ముందు రిపోర్టు చూపించమందాం. తన శరీరానికి ఉన్న ప్రమాదం ఎంతో ఉన్నదున్నట్టు తెలుసుకోవడం స్త్రీ హక్కు.