కంప్యూటరునకు మాడ్యులర్ పవర్ సప్లై యవసరమా?

ఇల్లు కట్టువాడు పునాదికి వెచ్చించిన ధనము చూచువారికి కనబడదు. గోడల రంగు మాత్రము కనబడును. కంప్యూటరు కొనువారి తీరును ప్రాయికముగా నిట్లే యున్నది. ప్రాసెసరు వేగమెంత, తెర వెడల్పెంత యని యడుగువారు పలువురు కలరు గాని, లోపల నుండి యన్నింటికిని విద్యుత్తు నందించు పెట్టె యెట్టిదని యడుగువారు మిక్కిలి యరుదు. బజారులో దీనిని ఎస్.ఎం.పి.ఎస్. అనుచుందురు. ఇటీవల మాడ్యులర్ పవర్ సప్లై యను నొక రకము విద్యార్థుల నోట తరచుగా వినబడుచున్నది. ఇది మన పాఠశాలలకును, మన గృహములకును ఎంతవరకు తగునో విచారింపవలసి యున్నది.

మన యిండ్లకు వచ్చునది 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. సెకనునకు 50 ఆవృత్తులు. కంప్యూటరులోని భాగములకు వలసినది 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ విద్యుత్తు. ఈ మార్పును చేయుటయే పవర్ సప్లై పని. నేడు డెస్కుటాపులలో విరివిగా వాడబడు ఏ.టి.ఎక్స్. పద్ధతిని ఇంటెల్ సంస్థ 1995లో వెలువరించినది. ఆ పద్ధతి ప్రకారము 12 వోల్టుల తీగలోని విద్యుత్తు నూటికి 5 వంతులకు మించి హెచ్చుతగ్గులు పొందరాదు, అనగా 11.4 మొదలు 12.6 వోల్టుల లోపల నుండవలెను.

సాధారణమైన పవర్ సప్లైకి తీగలన్నియు పెట్టెతోనే కలిసి యుండును. మాడ్యులర్ రకములో తీగలు విడిగా వచ్చును. వలసినవి తగిలించుకొని, తక్కినవి దాచుకొనవచ్చును. మదర్‌బోర్డునకు పోవు ముఖ్యమైన తీగలు స్థిరముగా నుండి, మిగిలినవి విడివడునట్టివి సెమీ మాడ్యులర్ అనబడును. ఇందలి మేలును మేము కాదనము. లోపల తీగల చిక్కు తగ్గును. గాలి యాడుట సుళువగును. దుమ్ము దులుపుట తేలిక. ఒక తీగ చెడినచో పెట్టెనంతయు విప్పకయే దానిని మార్చుకొనవచ్చును.

అయితే ఇందొక యపాయము కలదు. తీగకు రెండు కొనలుండును గదా! మదర్‌బోర్డు వైపునను, హార్డుడిస్కు వైపునను ఉండు కొనలకు అందరును అంగీకరించిన ప్రమాణము కలదు. పవర్ సప్లై వైపు కొనకు అట్టి ప్రమాణము లేదు. ఒక కంపెనీ తీగ మరియొక కంపెనీ పెట్టెలో చక్కగా నమరవచ్చును. ఒకే కంపెనీ యొక్క రెండు నమూనాల నడుమ సైతము అమరిక వేరుగా నుండవచ్చును. అమరినది కదా యని స్విచ్చి వేసినచో 5 వోల్టులు పోవలసిన చోటికి 12 వోల్టులు పోయి హార్డుడిస్కు ఒక్క క్షణములో కాలిపోవచ్చును. దానితోపాటు అందున్న మార్కుల పట్టికలు, విద్యార్థులు నెలలకొలది చేసిన పని, ఇంటివారి ఛాయాపటములు అన్నియు పోవును. పలువురి చేతులు పడు పాఠశాల కంప్యూటరు గదిలో, ఒక బీరువాలో పాత తీగలన్నియు గుత్తగా పడియుండు చోట, ఈ పొరపాటు జరుగుటకు అవకాశము హెచ్చు. కావున మాడ్యులర్ రకము కొన్నవారు ఏ తీగ ఏ పెట్టెదో చీటి కట్టి యుంచవలెను.

ఇక 80 ప్లస్ అను ముద్ర సంగతి. 2004లో ప్రారంభమైన ఈ పద్ధతిలో బ్రాంజు, సిల్వరు, గోల్డు మొదలగు తరగతులు కలవు. 115 వోల్టుల పరీక్షలో సగము భారమున బ్రాంజునకు 85 శాతము, గోల్డునకు 90 శాతము సామర్థ్యము ఉండవలెను. ఇది విద్యుత్తు వృథా కాకుండుటకు సంబంధించిన ముద్రయే గాని, మన్నికకు హామీ కాదు. విద్యార్థులారా, మీరే లెక్క కట్టుడు. సాధారణమైన పాఠశాల కంప్యూటరు భాగములు 60 వాట్లు తీసికొనుననుకొందము. సామర్థ్యము 80 శాతమైనచో గోడనుండి 75 వాట్లు లాగును. 90 శాతమైనచో సుమారు 67 వాట్లు. భేదము 8 వాట్లు. సంవత్సరమునకు వేయి గంటలు పనిచేసినను ఆదా 8 యూనిట్లు మాత్రమే. ఇంత స్వల్పమైన యాదాకై పెద్ద ధర పెట్టుట మనబోటి వారికి గిట్టదు.

మరి చూడవలసిన దేమి? మొదట పెట్టెమీది చీటీ చదువుడు. పైన 450 అని పెద్ద యక్షరములతో నుండి, 12 వోల్టుల యెదుట 18 ఆంపియర్లని మాత్రమే యున్నచో, ఆ తీగపై దొరకునది 12 × 18 = 216 వాట్లే. నేటి కంప్యూటరులో భారమంతయు ప్రాయికముగా 12 వోల్టుల మీదనే పడును గనుక ఈ యొక్క గుణకారము కొనువారిని మోసమునుండి కాపాడును.

రెండవది, కరెంటు రెప్పపాటు పోయి వచ్చునపుడు తట్టుకొను శక్తి. ఒక ఆవృత్తికి 20 మిల్లీసెకనులు పట్టును. మంచి పవర్ సప్లై తన కెపాసిటరు నిలువతో సుమారు 16 మిల్లీసెకనులు నడిపింపగలదు. సాధారణ యు.పి.ఎస్. బ్యాటరీకి మారుటకు కొన్ని మిల్లీసెకనులు పట్టును. ఆ వ్యవధిని ఈ నిలువయే దాటింపవలెను. యు.పి.ఎస్. ఉన్నను కంప్యూటరు ఆగిపోవుటకు నాసిరకపు పవర్ సప్లై యొక కారణము కావచ్చును.

మూడవది, వేడిమి. కెపాసిటరు వేడిమి 10 డిగ్రీలు పెరిగిన కొలది దాని యాయుర్దాయము ఇంచుమించు సగమగునని యెలక్ట్రానిక్సు తెలిసినవారు లెక్క వేయుదురు. పాయకరావుపేట సముద్రమునకు దగ్గర; వేసవి యెండకు ఉప్పుగాలి తోడు. ఇట్టి చోట 85 డిగ్రీల కెపాసిటర్ల కంటె 105 డిగ్రీలవి మేలు. ఉప్పుగాలికి లోహపు కొనలు త్రుప్పు పట్టును గనుక, మాడ్యులర్ రకములోని యదనపు అతుకులు ఇచ్చట మేలని చెప్పజాలము.

నాలుగవది ఎర్తు. కంప్యూటరు పెట్టెను తాకినపుడు చేయి జిల్లుమనుట మనలో ననేకులకు అనుభవమే. ఎర్తు లేనిచో, లోపలి ఫిల్టరు కెపాసిటర్ల మూలమున పెట్టెకు సరఫరాలో సుమారు సగము వోల్టేజి సోకును. గోల్డు ముద్రగాని, మాడ్యులర్ తీగలుగాని దీనిని మాన్పజాలవు. సరియైన ఎర్తు గొయ్యియు, మూడు పిన్నుల సాకెట్టును మాత్రమే మాన్పగలవు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము వద్ద తీరము దాటిన పిదప పలు తావుల దినములకొలది కరెంటు లేకుండెను. అట్టి సమయమున విద్యుత్తు తిరిగి వచ్చునపుడు వోల్టేజి నిలుకడగా నుండకపోవచ్చును. గాలివాన సూచన రాగానే ప్లగ్గు తీసివేయుట కంటె చౌకయైన రక్షణ లేదు. మరియొక హెచ్చరిక: ప్లగ్గు తీసినను పవర్ సప్లై పెట్టెను ఎవ్వరును విప్పరాదు. లోపలి కెపాసిటరులో 325 వోల్టులు, కొన్నింట అంతకంటె హెచ్చును, నిలిచియుండి ప్రాణము తీయగలదు.

మా యభిప్రాయ మిది. పెద్ద గ్రాఫిక్సు కార్డులు పెట్టి చలనచిత్రపు కూర్పు మొదలగు పనులు చేయువారికి, ఇరుకు పెట్టెలో భాగములమర్చువారికి మాడ్యులర్ రకము ఉపయోగించును. పాఠశాలకును, బిడ్డ చదువునకై కష్టార్జితముతో మొదటి కంప్యూటరు కొను తల్లిదండ్రులకును తీగలు స్థిరముగా నున్న మంచి పవర్ సప్లైయే చాలును. మిగిలిన సొమ్ముతో ఎర్తు సరిచేయించి, యు.పి.ఎస్. కొనుట వివేకము. అంగడికి పోయినపుడు 12 వోల్టుల మీద ఎన్ని ఆంపియర్లు, గ్యారంటీ ఎన్ని సంవత్సరములు, అధిక భారమునకును షార్టు సర్క్యూటునకును రక్షణ కలదా యని మూడు ప్రశ్నలడుగుడు. ఈ మూడింటికిని సూటియైన యుత్తరము దొరకిన పిదపనే తీగలు విడివడునా, విడివడవా యని విచారింపవలెను.