ఖామోష్ అంటే ఖబర్ కూడా ఆపమనా?

పిల్లలు అల్లరి చేస్తుంటే "ఖామోష్!" అంటాం. అల్లరి బంద్ చేయమని దాని మత్లబ్. వంటింట్లో మంట అంటుకున్నా చెప్పొద్దని కాదు. కర్ల్ అనే కంప్యూటర్ ప్రోగ్రాముకు మాత్రం ఈ ఫరఖ్ లేదు.

కర్ల్ పని నెట్ నుంచి ఫైళ్లు తేవడం. స్వీడన్‌కు చెందిన డేనియల్ స్టెన్‌బర్గ్ 1998లో దీన్ని ఈ పేరుతో విడుదల చేశాడు. కమాండ్ టైప్ చేసి వాడాలి. ఫైలు దిగేంతసేపూ ఎంత వచ్చింది, ఇంకెంత టైం అని హిసాబ్ చూపిస్తుంటుంది. ఆ బక్వాస్ వద్దనుకుంటే కమాండులో చిన్న ఎస్, అంటే 'సైలెంట్', పెడతారు. అది హిసాబ్‌తో పాటు ఎర్రర్ని కూడా మింగేస్తుంది.

అమరచింతలో మా భాంజా ఒక నూలు దుకాణానికి లెక్కలు రాస్తాడు. రోజూ రాత్రి ధరల ఫైలు దానంతటదే దిగేలా క్రాన్‌లో ఒక లైను పెట్టాడు. అది అతనికి కంప్యూటర్ నేర్పినవాళ్లు ఇచ్చిన లైనే. క్రాన్ ఆదత్ ఏమిటంటే, ప్రోగ్రాము ఏదైనా మాట్లాడితే ఆ మాటను మెయిల్‌గా పంపుతుంది. రోజూ మెయిళ్ల పరేషానీ ఎందుకని చాలామంది చిన్న ఎస్ పెట్టేస్తారు. ఒక రాత్రి కనెక్షన్ కుదర్లేదు. మర్నాడూ అంతే. పాత ఫైలు ఉన్నచోటే ఉంది. ధర తగ్గిన సంగతి తెలియక నాలుగు రోజులు నేతన్నలకు పాత రేటుకే బిల్లులు పోయాయి. "మామూ, ఒక్క ఎర్రర్ కూడా రాలే" అన్నాడు. ఎక్కువ తీసుకున్న పైసలు వాపస్ ఇచ్చారు. దుకాణం మీద పడిన షక్ మాత్రం అంత తొందరగా పోలేదు.

అంతా మాన్యువల్‌లో రాసి ఉందని కర్ల్ తరఫున వకాలత్ చేసేవాళ్లున్నారు. నిజమే, సాఫ్‌గా ఉంది. చిన్న ఎస్ పక్కన పెద్ద ఎస్ చేరిస్తే ఎర్రర్ కనిపిస్తుందని కూడా ఉంది. పైగా ప్రోగ్రాము ఝూట్ చెప్పదు, పోతూపోతూ ఒక నంబరు వదిలిపోతుంది: సర్వర్ పేరు దొరక్కపోతే 6, కనెక్షన్ కుదరకపోతే 7. కానీ ఆ నంబరు అడిగినవాడికే దక్కుతుంది. ఇంగ్లీషు మాన్యువల్ ఒక్క పేజీ దాటలేని పిల్లలు నేర్పిన లైనునే నమ్ముకుంటారు. (గ్రెప్ అనే ఇంకో ప్రోగ్రాములో 'వి' అంటే ఎక్కువ మాట్లాడమని కాదు, ఉల్టా వెతకమని. ఈ అక్షరాల దునియా అంతా ఇంతే.)

చిన్న ఎస్ మానీని ఇప్పుడు మార్చాలని నేననను. దాని మీద ఆధారపడ్డ పాత స్క్రిప్టులు బేహిసాబ్. 2019లో హిసాబ్‌ను మాత్రమే ఆపే వేరే ఆప్షన్ కూడా వచ్చింది, పేరే కాస్త పొడుగు. నా షికాయత్ నేర్పేవాళ్ల మీద. చిన్న ఎస్‌ను ఒంటరిగా నేర్పడం సరాసర్ గలత్.

మీ ఇంట్లో ఇలాంటి లైన్లు రాసేవాళ్లుంటే పెద్ద ఎస్ చేర్చమనండి. చిన్న ఎఫ్ కూడా. అది లేకపోతే 'పేజీ లేదు' అని సర్వర్ ఇచ్చిన జవాబునే అసలు ఫైలనుకుని దాచేస్తుంది, నంబరు కూడా 0 ఇస్తుంది. తర్వాత నెట్ ఆపేసి ఒకసారి నడిపి చూడమనండి.