జమీన్ దౌలత్‌కీ ఒక నిసాబ్ ఉండాలి

అమీర్లు ఎక్కువ పన్ను కట్టాలా? ఈ సవాల్‌కు జవాబు మన ఇళ్లల్లోనే ఉంది. జకాత్ హిసాబ్ వేసేటప్పుడు ఏడాదిలో ఎంత ఖర్చుపెట్టామని చూడం. ఏడాది గడిచినా మన దగ్గర ఎంత మిగిలిందో చూస్తాం. 87.48 గ్రాముల బంగారం లేదా 612.36 గ్రాముల వెండి, ఇదీ నిసాబ్. అంతకు తక్కువ ఉన్న గరీబుపై జకాత్ లేదు. దాటితే 2.5 శాతం ఇవ్వాలి. అది ఖైరాత్ కాదు, గరీబు హక్.

మన సర్కారు హిసాబ్ దీనికి ఉల్టా నడుస్తోంది. ధర్మవరంలో మగ్గం నేసే అన్న సబ్బు కొన్నా, పిల్లలకు బిస్కెట్ ప్యాకెట్ కొన్నా జీఎస్టీ కడతాడు. ఇప్పుడు 5 శాతం, 2025 సెప్టెంబర్ దాకా 18 శాతం. ఆయన దగ్గర ఏమైనా మిగిలిందా అని ఎవరూ అడగరు. హిందూపురం గార్మెంట్ ఫ్యాక్టరీకి పోయే ఆపాదీ అదే కథ.

ఇప్పుడు పెనుకొండ చూడండి. 2017లో కియా కంపెనీతో ఒప్పందం కుదిరింది. ఎర్రమంచి దగ్గర సర్కారు వందల ఎకరాలు సేకరించి ఇచ్చింది, గొల్లపల్లి రిజర్వాయర్ నుంచి నీళ్లిచ్చింది. పక్కనే బెంగళూరు హైవే. చుట్టుపక్కల జమీన్ ధరలు ఎగిరిపోయాయి. రిపోర్టర్‌గా ఆ రోడ్డు వెంట తిరిగినవాణ్ణి కాబట్టి చెబుతున్నా, ఆ ధర పెరగడానికి భూమి పట్టుకుని కూర్చున్నవారి మెహనత్ కారణం కాదు. రోడ్డు, నీళ్లు, ఫ్యాక్టరీ, అన్నీ జనం సొమ్ముతో, జనం కష్టంతో వచ్చాయి. కానీ పట్టణానికి చట్టం చెప్పిన దూరం అవతల ఉన్న సాగుభూమిని అమ్మితే, కోట్లు వచ్చినా ఆ లాభం మీద ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు. షేర్లు ఏడాది దాటాక అమ్ముకున్న లాభం మీద 12.5 శాతమే. పెద్ద జీతగాడికి మాత్రం 24 లక్షలు దాటిన ప్రతి రూపాయి మీద 30 శాతం. మెహనత్‌కు ఎక్కువ, కూర్చున్న దౌలత్‌కు తక్కువ. ఇదెక్కడి ఇన్సాఫ్?

ఈ దేశంలో ఆస్తి మీద పన్ను కొత్తేమీ కాదు. వారసత్వంగా వచ్చే ఆస్తి మీద 1953లో పన్ను పెట్టి 1985లో తీసేశారు. 1957లో వచ్చిన సంపద పన్నును 2015 బడ్జెట్‌లో ఎత్తేశారు. చివర్లో అది 30 లక్షలు దాటిన దానిపై 1 శాతమే. మన జకాత్ కంటే తక్కువ!

పన్ను పెంచితే అమీర్లు పారిపోతారు, పెట్టుబడి రాదు అంటారు. ఫ్యాక్టరీ విషయంలో ఆ భయంలో కొంత నిజం ఉంది. జమీన్ ఎక్కడికి పోతుంది? పెనుకొండ కొండ కింద ఉన్న ఎకరాన్ని సూట్‌కేసులో పెట్టుకుని దుబాయ్ పోలేరు కదా. అందుకే నేను అడిగేది ఒక్కటే. జమీన్ లాభానికి ఒక నిసాబ్ పెట్టండి. బిడ్డ షాదీకి, ఆసుపత్రి ఖర్చుకు రెండెకరాలు అమ్ముకున్న రైతును ముట్టుకోవద్దు. హద్దు దాటి కోట్లలో వచ్చిన లాభంలోనే హిస్సా తీసుకోండి.

"మేం జకాత్ ఇస్తున్నాం, ఇంకా పన్ను ఎందుకు?" అనే భాయ్‌లూ ఉన్నారు. జకాత్ ఎవరికి చెందాలో ఖుర్ఆన్ ఎనిమిది వర్గాలను చెప్పింది. జకాత్‌తో రోడ్లు, సర్కారు ఆసుపత్రులు నడవవు. అవి మన తోటి మజ్దూర్లకూ, ముస్లిమేతర పొరుగువారికీ ఉమ్మడి. వాటికి పన్నే దారి.

సర్కారు సొమ్ము దుబారా అవుతుందన్నది నిజమే. దానికి మందు హిసాబ్ అడగడం, అమీర్లను వదిలేయడం కాదు. వదిలేసిన ప్రతి రూపాయీ తిరిగి సబ్బు మీద, బిస్కెట్ మీద పడుతుంది. ఓటు అడగడానికి వచ్చినవారిని మసీదు గోడ సంగతి, షాదీఖానా సంగతి అడుగుతాం. ఈసారి పన్ను సంగతీ అడుగుదాం.