పిల్లి తుమ్మితే పారాసిటమాల్ ఇవ్వకండి

ఈసారి కాస్త పొడుగ్గా రాస్తున్నా. నేను చదివింది అరవ మీడియం, తెలుగు రాత ఇంట్లో పెద్దల దగ్గర నేర్చుకున్నది. తప్పులుంటే సర్దుకుని చదవండి.

పోయిన వారం మన గ్రూపులో ఒక అక్కయ్య, వాళ్ళ పిల్లి తుమ్ముతోంది, కళ్ళు కారుతున్నాయి, ఏం చేయాలి అని అడిగింది. గంటలోపల పదకొండు సలహాలు! మిరియాల కషాయం అన్నారు, పసుపు పాలు అన్నారు, ముక్కుకి బామ్ రాయమన్నారు. ఒకరు సగం పారాసిటమాల్ బిళ్ళ నూరి పాలల్లో కలపమన్నారు. ఆ సలహాకి ఆరుగురు దణ్ణం బొమ్మ పెట్టారు. అది చూశాక ఊరికే ఉండలేకపోయాను.

పారాసిటమాల్ పిల్లికి విషం. కొంచెమే కదా అనడానికి లేదు. మన కాలేయం ఆ మందుని విరిచి బయటికి పంపుతుంది, పిల్లి కాలేయానికి ఆ శక్తి చాలా తక్కువ. మిగిలిన విషం నెత్తురు మీద పడి, నెత్తురు ప్రాణవాయువుని మోయలేకపోతుంది. చిగుళ్ళు గోధుమరంగుకి తిరుగుతాయి, మొహం, పాదాలు వాస్తాయి. మనం మింగే ఒక్క బిళ్ళ చాలు ఒక పిల్లిని చంపడానికి. మా వీధి చివరింట్లో గండుపిల్లి ఇలాగే పోయింది. వాళ్ళేమీ చెడ్డవాళ్ళు కాదు. బిడ్డలా పెంచారు, బిడ్డకిచ్చేదే దానికీ ఇచ్చారు. కర్పూరం, నీలగిరి తైలం ఉన్న బామ్ సంగతీ అంతే. పిల్లి ఒళ్ళంతా నాక్కుంటుంది, మనం రాసింది దాని కడుపులోకే పోతుంది.

పిల్లి జలుబు ఎక్కువగా రెండు వైరస్‌ల వల్ల వస్తుంది. హెర్పిస్ వైరస్ కళ్ళని పట్టుకుంటుంది, కాలిసి వైరస్ నాలుక మీద పుళ్ళు చేస్తుంది. హెర్పిస్ ఒకసారి వచ్చిందంటే చాలా పిల్లుల్లో జీవితాంతం లోపలే దాక్కుని ఉంటుంది. ఇల్లు మారినా, కొత్త పిల్లి వచ్చినా, ఇంట్లో పెళ్ళి సందడైనా మళ్ళీ తుమ్ములు మొదలు. (మన పెళ్ళిళ్ళ మేళానికి మనుషులకే తలనొప్పి, దాన్ని ఏమనాలి!)

మనం చేయగలిగింది ఉంది. గోరువెచ్చని నీళ్ళల్లో తడిపిన దూదితో కళ్ళు, ముక్కు తుడవాలి. తిండి కాస్త వెచ్చచేసి పెట్టాలి, ఎందుకంటే పిల్లి వాసన చూసి తింటుంది, ముక్కు మూసుకుంటే అన్నం ముట్టదు. రెండు మూడు రోజులు తినకపోతే, అందులోనూ లావు పిల్లికి, కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికొస్తుంది. అందుకని ఒక రోజంతా తినలేదంటే బిరాన డాక్టర్ దగ్గరికి తీసుకుపొండి. పిల్లికూన వాంతులు, భేదులతో వాలిపోతే అది జలుబే కాదు, పాన్‌ల్యూకోపీనియా కావచ్చు. దానికి పూట ఆగడానికి కూడా లేదు.

ఇంకొక మాట. పిల్లి జలుబు పిల్లలకి అంటుతుందని, తుమ్మే పిల్లిని గోనెసంచిలో వేసి మార్కెట్ తావ వదిలేసి వస్తున్నారు. ఈ రెండు వైరస్‌లూ మనుషులకి అంటవు. కరిస్తే, గీరితే మాత్రం రేబీస్ భయం ఉంది, సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి పోవాలి. అది వేరే లెక్క.

హెర్పిస్, కాలిసి, పాన్‌ల్యూకోపీనియా మూడింటికీ కలిపి ఒకే టీకా ఉంది. 8 వారాల వయసు నుంచి మొదలుపెట్టి మూడు నాలుగు వారాల ఎడంలో మళ్ళీ వేస్తారు. వేసినా జలుబు రావచ్చు, కానీ తేలిగ్గా పోతుంది. చెన్నైలో ఉన్నవాళ్ళకి వేప్పేరి పశువైద్య కళాశాల 1903 నుంచి ఉంది, మిగతా ఊళ్ళల్లో సర్కారు పశువుల ఆసుపత్రి.

నా అభిప్రాయం, ఉగాదికి కొనే శాలువాల్లో నాలుగు తగ్గించి ఒక ఆదివారం మన హాల్లో టీకాల డాక్టర్‌ని పిలిపిద్దాం. మనుషులకే దిక్కులేదు, పిల్లులకా అని కమిటీలో ఒకరు తప్పక అంటారు. మన సంఘంలో పిల్లలు బెంగుళూరులో, అమెరికాలో ఉండి, ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ళు ఎంతమందో ఆయనకీ తెలుసు. వాళ్ళల్లో కొందరు పొద్దున లేచి మాట్లాడేది పిల్లితోనే. ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకుపోవడం వాళ్ళ వల్ల కాదు.

ఒప్పుకుంటే పేర్లు రాసుకునే పని నేను చూసుకుంటాను. ఒక్కో పిల్లిని వేరువేరు బుట్టల్లో తేవాలి. తుమ్ముతున్న పిల్లిని మాత్రం ఆ రోజు హాలుకి తేకండి, మిగతావాటికి అంటుతుంది.